పిట్టగోడ ఎవరు కట్టాలి?



ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో మనం అంతగా పట్టించుకోని చిన్న ఆజ్ఞ ఒకటి ఉంది. కొత్త ఇల్లు కట్టుకునేవాడు మేడ చుట్టూ పిట్టగోడ కూడా కట్టుకోవాలి. లేకపోతే ఎవరైనా పైనుంచి పడి చనిపోయినప్పుడు ఆ రక్తదోషం ఆ ఇంటి మీదికి వస్తుంది. ఆ ఆజ్ఞ సారాంశం ఇదే.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ ఇంటి యజమాని ఎవరినీ కిందికి తోయలేదు. తన కష్టార్జితంతో, తన స్థలంలో, తన ఇల్లు తాను కట్టుకున్నాడు. అయినా ఇటుకల ఖర్చు, మేస్త్రీ కూలి అతడే భరించాలని ధర్మశాస్త్రం చెబుతోంది. ఏ తప్పూ చేయనివాడు ఎందుకు భారం మోయాలి? ఇది పాతకాలపు ప్రశ్న కాదు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో తుపాకులు ఉన్నవారూ, తుపాకులు అమ్ముకుని బతికేవారూ 2013 నుంచి ఈ ప్రశ్ననే అడుగుతున్నారు. ఆ రాష్ట్రంలో కతోలికులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. కనుక ఈ ప్రశ్న శ్రీసభ బిడ్డల ఇళ్ళలో కూడా వినిపించింది. మన పిల్లలు, మన గురువులు ఎందరో ఆ దేశంలో ఉన్నారు గనుక మనం కూడా దీన్ని విశ్వాసపు వెలుగులో చూడడం మంచిది.

ముందు జరిగింది తెలుసుకుందాం. 2012 డిసెంబర్ 14న న్యూటౌన్ పట్టణంలోని శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలోకి ఒక యువకుడు చొరబడ్డాడు. అయిదు నిమిషాలు కూడా గడవకముందే 150కి పైగా తూటాలు పేల్చాడు. ఆరేడు సంవత్సరాల పసివాళ్ళు 20 మంది, పాఠశాల సిబ్బంది ఆరుగురు చనిపోయారు. అంతకుముందే ఇంట్లో కన్నతల్లిని చంపి వచ్చాడు. తరువాతి రోజుల్లో పునీత లీమా రోజమ్మ గారి విచారణ దేవాలయంలో చిన్న చిన్న శవపేటికలకు ఒకదాని తరువాత ఒకటిగా అంత్యక్రియల పూజలు జరిగాయి. క్రీస్తు జయంతికి సిద్ధమవుతున్న ఆగమనకాలం అది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ యువకుడు వాడిన తుపాకులు దొంగసొత్తు కాదు. అతని తల్లి చట్టప్రకారం, డబ్బు చెల్లించి, కాగితాలన్నీ సరిగా ఉంచి కొన్నవే. అంటే ఆ తుపాకులు ఏ నేరస్థుడి గుహలోంచో రాలేదు. చట్టాన్ని గౌరవించే ఒక ఇంట్లోంచే వచ్చాయి.

ఆ తరువాత 2013 ఏప్రిల్ 4న గవర్నర్ డానెల్ మలాయ్ ఒక చట్టం మీద సంతకం చేశారు. ఉభయ సభల్లోనూ రెండు పార్టీలవారు దానికి ఓట్లు వేశారు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి, వెంటనే తనంతట తానే మరో తూటాకు సిద్ధమయ్యే రైఫిళ్ళలో 100కు పైగా రకాలను ఆ చట్టం నిషేధిత జాబితాలో చేర్చింది. పదికి మించి తూటాలు పట్టే మ్యాగజైన్ల అమ్మకాన్ని ఆపివేసింది. అప్పటికే ఇలాంటివి ఉన్నవారు వాటిని ఉంచుకోవచ్చు, కాని 2014 జనవరి 1లోగా రాష్ట్ర పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవాలి. తుపాకీ ఏదైనా, దుకాణంలో కొన్నా, ఇరుగుపొరుగు దగ్గర కొన్నా, కొనేవాని పూర్వచరిత్ర విచారించాలి. తూటాలు కొనడానికి కూడా అర్హతాపత్రం చూపించాలి.

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకీ ఉంచుకోవడానికి వీల్లేదు. 2019 సవరణ తరువాత లైసెన్సు ఉన్నవారికైనా సాధారణంగా రెండు తుపాకులకు మించి అనుమతి లేదు. అలాంటి మనకు కనెక్టికట్ చట్టం పెద్ద కఠినంగా అనిపించదు. కాని అమెరికా సంగతి వేరు. ఆయుధం కలిగి ఉండే హక్కు 1791 నుంచి వారి రాజ్యాంగంలోనే ఉంది. పైగా కనెక్టికట్ తుపాకుల తయారీకి పుట్టినిల్లు లాంటిది. హార్ట్‌ఫర్డ్‌లో శామ్యూల్ కోల్ట్ కట్టించిన కర్మాగారం, న్యూ హేవెన్‌లోని వించెస్టర్ కర్మాగారం తరతరాలుగా కార్మిక కుటుంబాలకు అన్నం పెట్టాయి. పిల్లలు బలైన న్యూటౌన్‌లోనే తుపాకీ పరిశ్రమ జాతీయ సంఘానికి అప్పట్లో ప్రధాన కార్యాలయం ఉండేది. ఒకే ఊరిలో అంతటి దుఃఖం, ఆ జీవనోపాధి పక్కపక్కనే ఉన్నాయి.

చట్టం వస్తోందని తెలియగానే దుకాణాల ముందు జనం బారులు తీరారు. సంతకం పడిన క్షణం నుంచి జాబితాలోని తుపాకులను ఆ రాష్ట్రవాసులకు అమ్మడం నేరమైంది. నిన్నటిదాకా చట్టబద్ధమైన సరుకు ఒక్క పూటలో అల్మారాలకే పరిమితమైంది. బ్రిస్టల్ పట్టణంలోని ఒక తయారీ సంస్థ రాష్ట్రం వదిలి దక్షిణ కరొలైనాకు తరలిపోయింది. యజమానుల సంగతికి వస్తే, గడువులోగా సుమారు 50,000 తుపాకులు, సుమారు 38,000 మ్యాగజైన్ దరఖాస్తులు నమోదుకు వచ్చాయి. తపాలాలో ఆలస్యమై గడువు దాటిన కొన్ని వందల దరఖాస్తులను మొదట తిరస్కరించారు. నమోదు చేయించుకోకుండా ఊరుకున్నవారూ ఉన్నారు.

ఇప్పుడు ఆ యజమానుల మొర విందాం. వినకుండా తీర్పు చెప్పడం క్రైస్తవ లక్షణం కాదు. “నేను ఎవరికీ హాని చేయలేదు. మా నాన్న ఇచ్చిన తుపాకీని బీరువాలో తాళం వేసి దాచుకున్నాను. ఎవడో పిచ్చివాడు ఘోరం చేస్తే నా పేరు పోలీసుల పట్టీలోకి ఎందుకు ఎక్కాలి? ఈ రోజు నమోదు అంటారు, రేపు స్వాధీనం చేయమంటారు. దొంగలు ఎలాగూ నమోదు చేయించుకోరు. చివరికి చట్టానికి తలవంచే మాకే ఈ సంకెళ్ళా?” ఇది వారి వాదన. దుకాణదారు ఇంకో మాట కలుపుతాడు. “ప్రభుత్వమే లైసెన్సు ఇచ్చింది, ప్రభుత్వమే పన్ను తీసుకుంది. పిల్లల చదువులకు, ఇంటి అప్పుకు ఆధారమైన వ్యాపారం ఒక్క సంతకంతో సగమైతే ఆ నష్టం నేనొక్కడినే ఎందుకు భరించాలి?”

వీటిలో తేలికగా కొట్టివేయదగిన మాట ఒక్కటీ లేదు. కాని వీటన్నిటి అడుగున ఒక పొరపాటు అవగాహన దాగి ఉంది. అదేమంటే, భారం మోపడమంటే శిక్షించడమే అనుకోవడం.

శిక్ష వేరు, భారం వేరు. శిక్ష పడాలంటే నేరం ఉండాలి. నేరం లేనివాణ్ణి శిక్షించడం ఘోరమైన అన్యాయం. కాని భారం నేరాన్ని బట్టి రాదు. మన చేతిలో ఉన్నదానికి ఉన్న శక్తిని బట్టి వస్తుంది. కలరా వచ్చిన ఊళ్ళో బావి ఉన్న ఆసామి బావిని మూసి ఉంచమంటే, కలరాకు అతడే కారణమని ఎవరూ అనడం లేదు. మేడ ఎత్తుగా ఉంది కాబట్టి పిట్టగోడ కావాలి. గుడిసెకు అక్కరలేదు. అలాగే నిమిషంలో పదుల ప్రాణాలు తీయగల వస్తువును ఇంట్లో ఉంచుకున్నవాని మీద పక్కవాని బిడ్డ పట్ల ఒక ప్రత్యేక బాధ్యత పడుతుంది. అతడు చెడ్డవాడని కాదు, ఆ వస్తువు అలాంటిదని.

నిర్గమకాండం 21వ అధ్యాయంలోని పొడిచే ఎద్దు సంగతి దీనికి మరో మెట్టు. ఎద్దు పొడుస్తుందని ముందే తెలిసి, హెచ్చరిక విని కూడా కట్టివేయని యజమాని మనిషి చావుకు జవాబుదారీ అవుతాడు. తెలియక ముందు ఒక లెక్క, తెలిసిన తరువాత ఒక లెక్క. శాండీ హుక్ తరువాత తెలియదని ఎవరూ అనలేరు. చట్టప్రకారం కొన్న తుపాకీ, చట్టాన్ని గౌరవించే ఇంట్లోంచే, పసిపిల్లల గదిలోకి నడిచి వెళ్ళగలదని అందరికీ తెలిసింది. హంతకుడు మ్యాగజైన్ మార్చుకున్న క్షణాల్లోనో, తుపాకీ మొరాయించిన క్షణాల్లోనో కొందరు పిల్లలు పరుగెత్తి బతికారు. పదికి మించి తూటాలు వద్దు అన్న నిబంధన కాగితం మీద చిన్న అంకెలా కనబడుతుంది. ఆ క్షణాల్లో తప్పించుకున్న బిడ్డ తల్లికి అది చిన్న అంకె కాదు.

శ్రీసభ బోధన ఈ విషయంలో రెండు వైపులా స్పష్టంగా ఉంది. అన్యాయంగా మీదపడినవాని నుంచి ప్రాణం కాపాడుకోవడం పాపం కాదని, ఇతరుల ప్రాణాలకు బాధ్యులైనవారికి అది కర్తవ్యం కూడా కావచ్చని కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2264, 2265 సంఖ్యల్లో చెబుతోంది. కాబట్టి తుపాకీ ఉన్న ప్రతివాణ్ణీ పాపి అనడానికి మనకు హక్కు లేదు. అదే సత్యోపదేశం 2316లో ఆయుధాల తయారీ, అమ్మకం ఉమ్మడి మేలును తాకే విషయాలని, వాటిని అదుపులో ఉంచే హక్కు, బాధ్యత ప్రభుత్వాలకు ఉన్నాయని చెబుతోంది. హక్కు అని మాత్రమే అనలేదు, బాధ్యత అని కూడా అన్నది. అమెరికా బిషప్పుల సమాఖ్య ఎన్నో సంవత్సరాలుగా తుపాకుల మీద సహేతుకమైన అదుపును సమర్థిస్తూ వచ్చింది. దివంగత పోపు ఫ్రాన్సిస్ గారు 2015 సెప్టెంబరులో అమెరికా పార్లమెంటు ఎదుటే నిలబడి, ప్రాణాలు తీసే ఆయుధాల వ్యాపారం వెనుక ఉన్నది డబ్బేనని, ఆ డబ్బుకు రక్తం అంటుకుని ఉందని బాధపడ్డారు.

అయితే పాఠకులారా, పిట్టగోడ ఆజ్ఞను మరొకసారి చూడండి. అది మేడను కూల్చివేయమనలేదు. మేడ కట్టుకున్నవాణ్ణి హంతకుడనలేదు. ఆ రెండూ కూడా మనం నేర్చుకోవాలి. చట్టం చేసేవారికి సైతం ఒక ధర్మం ఉంది. చట్టం ఉమ్మడి మేలు కోసం ఉండాలని, దాని బరువు అందరి మీదా తగిన పాళ్ళలో పడాలని, అలా పడినప్పుడే అది న్యాయమైన చట్టమని పునీత తోమాసు అక్వీనాస్ బోధించారు. ఈ గీటురాయి మీద గీసి చూస్తే కనెక్టికట్ చట్టంలో మెచ్చుకోదగినదీ ఉంది, ప్రశ్నించదగినదీ ఉంది.

మెచ్చుకోదగినది ఏమిటంటే, ఉన్న తుపాకులను అది గుంజుకోలేదు. నమోదు చేయించి ఉంచుకోమన్నది. న్యాయస్థానం తలుపులు తెరిచే ఉన్నాయి. యజమానులు, దుకాణదారులు వ్యాజ్యం వేశారు. పై న్యాయస్థానం 2015లో చట్టాన్ని చాలావరకు నిలబెట్టింది. 2016లో సుప్రీంకోర్టు ఆ వివాదాన్ని విచారణకు తీసుకోలేదు. 2022లో అదే సుప్రీంకోర్టు ఆయుధ హక్కును మరింత విస్తరిస్తూ మరో కేసులో తీర్పు ఇచ్చాక కొత్త వ్యాజ్యాలు వచ్చాయి. వాదించుకునే దారి ఉన్నంతకాలం రేపు అన్నీ లాక్కుంటారన్న భయానికి ఒక జవాబు ఉన్నట్టే. కాని ఆ భయాన్ని వెక్కిరించకూడదు. ఇచ్చిన మాట మీద నిలబడే ప్రభుత్వమే ప్రజల నుంచి విధేయతను అడగగలదు.

ప్రశ్నించదగినవి మూడు. మొదటిది, తపాలా ఆలస్యం వల్ల గడువు దాటినవారిని ఎగవేతదారులతో ఒకే గాటన కట్టడం. మంచి మనసుతో చట్టానికి లోబడడానికి వచ్చినవాణ్ణి గుమ్మంలోంచే తిప్పి పంపితే, రాని వాడు నవ్వుతాడు. రెండవది, ఆ తుపాకులనే రాష్ట్రం బయట అమ్మడానికి తయారుచేసుకోవచ్చని తయారీదారులకు అనుమతి ఇవ్వడం. జీవనోపాధి పోకూడదన్న దయ అందులో ఉంది, నిజమే. కాని మన బిడ్డలకు ప్రమాదమైనది పక్క రాష్ట్రం బిడ్డలకు ప్రమాదం కాదా? నా ఇంటి పాము పొరుగింట్లోకి పోతే నాకు పుణ్యం వస్తుందా? మూడవది, చిన్న దుకాణదారు నష్టం. ఊరందరి క్షేమం కోసం ఒక్కడి వ్యాపారం తగ్గితే ఆ లోటును ఊరందరూ కొంత పంచుకోవడం న్యాయం. 1996 తరువాత ఆస్ట్రేలియా ఆరు లక్షలకు పైగా తుపాకులను ప్రజల నుంచి వెనక్కి తీసుకున్నప్పుడు పరిహారం చెల్లించింది. అందుకోసం ఆ దేశ ప్రజలు అదనపు పన్ను కూడా కట్టారు. భారం అంటే అలా పంచుకోవాలి.

ఇక దుకాణదారులకు కూడా వాక్యం ఒక అద్దం చూపిస్తుంది. అపొస్తలుల కార్యాలు 19వ అధ్యాయంలో ఎఫెసు నగరపు కంసాలి దెమేత్రి కథ చదవండి. పౌలు బోధ వల్ల వెండి గుళ్ళ నమూనాల వ్యాపారం దెబ్బతింటుందని అతడు తోటి పనివారిని రెచ్చగొట్టాడు. మొదట రాబడి గురించి మాట్లాడాడు, తరువాత దాన్ని దేవత గౌరవం అన్నాడు. రాబడి పోతుందన్న భయం పెద్ద పెద్ద సిద్ధాంతాల వేషం వేసుకోవడం మనుషుల్లో సహజం. తుపాకీ అమ్మేవాడు స్వాతంత్ర్యం అన్నప్పుడు అది స్వాతంత్ర్యమో రాబడియో తన అంతరాత్మను తానే అడగాలి. అయితే స్నాపక యోహాను గారు తన దగ్గరకు వచ్చిన సుంకరులను, సైనికులను ఉద్యోగం మానమనలేదు, అన్యాయం మానమన్నారు. ఆ మాట ప్రకారం నిజాయితీ గల దుకాణదారు సమాజానికి శత్రువు కాడు, మొదటి కాపలాదారు. మరొకరి కోసం తన పేరుతో కొనడానికి వచ్చినవాణ్ణి, కళ్ళలో నిప్పులతో వచ్చినవాణ్ణి, చావాలని వచ్చినవాణ్ణి ముందుగా చూసేది అతడే. ఆ రోజు అమ్మకం పోగొట్టుకుని “లేదు, నీకు ఇవ్వను” అనగలిగినవాడు ఏ చట్టమూ కట్టలేని పిట్టగోడ కడుతున్నాడు.

నేరస్థులు చట్టాన్ని లెక్కచేయరన్న వాదనకు కూడా జవాబు చెప్పుకోవాలి. అది చాలావరకు నిజమే. ఏ గోడా అన్ని పడిపోవడాలనూ ఆపలేదు. దూకాలనుకున్నవాడు పిట్టగోడ ఎక్కి దూకుతాడు. కాని చీకట్లో అడుగు తప్పేవాడు, ఆడుకుంటూ పరుగెత్తే పసివాడు, మనసు చెదిరి అంచుదాకా వచ్చి గోడ తగలగానే ఆగిపోయేవాడు, వీరందరినీ అది కాపాడుతుంది. అందరినీ కాపాడలేదు కాబట్టి ఎవరినీ కాపాడనక్కరలేదు అనడం తర్కం కాదు, నిర్దయ. చట్టానికి లోబడనక్కరలేదన్నవారికి శ్రీసభ చెప్పే మాట కూడా సూటిగానే ఉంటుంది. పాపం చేయమని ఆజ్ఞాపించే చట్టాన్ని ఎదిరించాలి. మన సౌకర్యాన్ని తగ్గించే చట్టానికి లోబడుతూనే, నచ్చకపోతే ఓటుతో, వాదనతో, వ్యాజ్యంతో మార్చుకోవాలి.

ఇది ఎక్కడో సముద్రాల అవతలి గొడవ, మనకెందుకు అనుకోకండి. కనెక్టికట్‌కు ఎంతో దూరంలోని కన్సాస్ రాష్ట్రంలో 2017 ఫిబ్రవరిలో ఓలేత పట్టణంలో ఒక హైదరాబాదు ఇంజనీరు తుపాకీ కాల్పులకు బలయ్యాడు. అదే రాష్ట్రంలోని సెనెకాలో 2025 ఏప్రిల్ 3న, మన కడప మేత్రాసనంలో గురుపట్టం పొంది అక్కడ విచారణ గురువుగా సేవ చేస్తున్న తెలుగు గురువు ఒకరిని గురుగృహం ఆవరణలోనే కాల్చి చంపారు. ఇలాంటి వార్త విన్న ప్రతిసారీ ఇక్కడి తల్లిదండ్రుల గుండె జారిపోతుంది. “బాబూ, నువ్వు కూడా ఒక తుపాకీ కొనుక్కోరాదూ” అని ఫోనులో అనే తండ్రులు కూడా ఉండవచ్చు. ఆ భయాన్ని నేను అర్థం చేసుకోగలను. కాని కొన్ని విషయాలు తెలిసి మాట్లాడాలి. విద్యార్థి వీసా, ఉద్యోగ వీసా లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ ఉంచుకోవడం, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, అక్కడి కేంద్ర చట్టం ప్రకారం సాధారణంగా నేరం. స్థిరపడినవారికి కూడా ఒక్కో రాష్ట్రంలో ఒక్కో నియమం. కనెక్టికట్‌లోనే 2023లో మరో చట్టం వచ్చి, తుపాకీని అందరికీ కనబడేలా ధరించి తిరగడాన్ని నిషేధించింది. అన్నిటికీ మించి, ఇంట్లో తుపాకీ ఉంటే అది ఇంట్లో ఉన్నవారందరికీ ఉన్నట్టే. కోపం వచ్చిన రోజు ఉన్నవానికి, దిగులు పట్టిన బిడ్డకు, ఆడుకునే పసివానికి కూడా. శాండీ హుక్ చెప్పిన పాఠం అదే.

మన ఇళ్ళలో తుపాకులు లేకపోవచ్చు. కాని పక్కవాని ప్రాణానికి ముప్పు తేగల వస్తువులు లేవా? పొలం గట్టున తాళం లేకుండా పడి ఉండే పురుగుమందు డబ్బా, పందుల కోసం చేను చుట్టూ కట్టే కరెంటు తీగ, లైసెన్సు లేని కుర్రవాని చేతికిచ్చే మోటారు సైకిలు. వీటి గురించి ఎవరైనా అడిగితే మనం కూడా “నేనేం తప్పు చేశాను?” అనే అంటాం. అది తప్పుడు ప్రశ్న కాదు, సగం ప్రశ్న. కయీను అడిగిన ప్రశ్న మనకు తెలుసు. తమ్ముడికి తాను కాపలాదారుడినా అని అడిగాడు. దేవుడు దానికి అవునని గాని కాదని గాని చెప్పలేదు, నేలలోంచి మొరపెడుతున్న రక్తం సంగతి చెప్పాడు.

కాబట్టి కనెక్టికట్‌లో నమోదు పత్రం నింపిన యజమానిని నేరస్థుడిగా చూడవద్దు. మనసుకు కష్టంగా ఉన్నా, తనకు ఎన్నడూ తెలియని బిడ్డల కోసం ఇటుక మీద ఇటుక పేర్చినవానిగా చూడండి. అలా కట్టనని మొండికేసినవాణ్ణి తిట్టకుండా, నచ్చజెప్పండి. ఈ వారం కుటుంబ జపమాలలో శాండీ హుక్ బిడ్డలనూ, వారి తల్లిదండ్రులనూ, విదేశాల్లో సేవ చేస్తున్న మన గురువులనూ, ఆ తుపాకుల మీద బతికే కుటుంబాలనూ కలిపి ప్రార్థించండి. ఆ తరువాత లేచి, మీ ఇంటి చుట్టూ ఒకసారి చూసుకోండి. ఎక్కడ గోడ లేదో మీకే కనబడుతుంది.